డెంటల్ థర్డ్ ఇయర్ వాళ్లకు స్కేలింగ్ (పళ్ల గార తీయడం) నేర్పాలంటే ఫోన్ వీడియోనా, హాప్టిక్ మెషీనా?

పెరియో ట్యూటర్, హన్మకొండ:
మాది పెరియో, అంటే చిగుళ్ల విభాగం. ఫాంటమ్ ల్యాబ్‌లో, అంటే బొమ్మ తలల మీద, థర్డ్ ఇయర్ వాళ్లతో హ్యాండ్ స్కేలింగ్ చేయిస్తున్నాం. కింది మోలార్ల నాలుక వైపు వచ్చేసరికి గార ఊడట్లేదు, పైపైన నునుపెక్కి అక్కడే ఉంటోంది. డెమో చూపిస్తే ముందు నిలబడ్డ ఇద్దరికే కనిపిస్తుంది. హాప్టిక్ సిమ్యులేటర్ (పంటి స్పర్శ చేతికి తెలిసేలా చేసే కంప్యూటర్ మెషీన్) కొనిపించాలా, వీడియోలు సరిపోతాయా? క్లినిక్ పోస్టింగ్‌లోపు వీళ్ల చేయి కుదరాలి.

కాజీపేట:
గార నునుపెక్కుతోందంటే ముందు క్యూరెట్ (గార గీకే చేతి పరికరం) పదును చూడండి మేడం. పదును బాగుంటే కోణం తప్పినట్టు. బ్లేడు పంటికి 45 డిగ్రీలకన్నా తక్కువ వాలితే గారను రుద్దుతుందే తప్ప పెకిలించదు. 90 దాటితే చిగురు చీరుకుంటుంది. చిగురు కిందికి దించేటప్పుడు దాదాపు 0, లాగేటప్పుడు 60–80.

దీనికి ఫోన్ చాలు. గ్రేసీ రకం క్యూరెట్‌లో బ్లేడు ముఖం ముందే 70 డిగ్రీలకు వాల్చి ఉంటుంది కాబట్టి, కింది షాంకు (బ్లేడుకు ఆనుకుని ఉండే కాడ) పంటి ఉపరితలానికి సమాంతరంగా ఉంటే కోణం దానంతట అదే కుదురుతుంది. వీడియో ఆపి, షాంకు వెంట ఒక గీత, పంటి వెంట ఒక గీత స్టూడెంట్‌తోనే గీయించండి. గీతలు వాలుగా వస్తే కోణం తప్పిందని ఎవరూ చెప్పక్కర్లేదు.

మొదటి వారం టైపోడాంట్‌ను (ప్లాస్టిక్ పళ్ల సెట్టును) ఫాంటమ్ తలలోంచి తీసి టేబుల్‌కు బిగించండి. బుగ్గ అడ్డం ఉంటే నాలుక వైపు కెమెరాకు అందదు. స్టీలు మీద లైటు పడి బ్లేడు తెల్లగా కాలిపోయినట్టు వస్తుంది. స్క్రీన్ మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి కొంచెం తగ్గించండి. రెండో ఫోన్ చేతి పక్కన పెట్టాలి: ఉంగరపు వేలు పంటి మీద ఆనే ఉందా, మణికట్టు తిరుగుతోందా, ఉత్త వేళ్లే ఆడుతున్నాయా అన్నది అందులోనే తెలుస్తుంది.

కరీంనగర్:
పై మాటకు ఒకటి కలుపుతా. ప్లాస్టిక్ పంటి మీద గార లేకుండా వీడియో తీస్తే అది ఉత్త అభినయం. నెయిల్ పాలిష్‌లో ప్యూమిస్ (గరుకు రాతి) పొడి కలిపి గారలా పలుచగా రెండు మూడు పూతలు వేసి, రాత్రంతా ఆరనివ్వండి. మందంగా వేస్తే ఒక్క లాగుకే పెచ్చులా ఊడి, తప్పు చేయి కూడా ఒప్పే అనిపిస్తుంది. చిగురు పైన ముదురు రంగు, చిగురు కింద పంటి రంగు వాడండి. కింద ఉన్నది కళ్లకు దొరకొద్దు, 11/12 ఎక్స్‌ప్లోరర్‌కే (గార తడిమి చూసే సన్న మొన పరికరం) దొరకాలి. ఎసిటోన్‌తో మాత్రం తుడవొద్దు, ప్లాస్టిక్ పాడవుతుంది.

ప్రోబింగ్ (చిగురు లోతు కొలవడం) బలానికి గ్రాముల్లో చూపే డిజిటల్ త్రాసు మీద ప్రోబ్ మొన ఆనించి 20–25 దగ్గర నిలపమనండి. చాలామంది చేయి మొదట్లో బరువుగానే పడుతుంది.

నిజామాబాద్:
మెషీన్ మీద నా అభిప్రాయం: డెమో చూడకుండా కొనొద్దు. చాలావాటిలో కసరత్తులు పన్ను తొలిచే పనికే, స్కేలింగ్ మాడ్యూల్ ఉందో లేదో అడగండి. ఉన్నా స్టైలస్ (మెషీన్‌కు ఉండే పెన్నులాంటి పిడి) మొనలో తగిలే గరుకుతో గార గుర్తుపట్టడం అలవాటవుతుంది. బ్లేడు ఏ అంచు పంటికి ఆనిందో చేతికి రాదు. వేలు ఆనించే చోటు ఎలా ఇచ్చారో కూర్చుని చూడండి.

పెరియో ట్యూటర్, హన్మకొండ:
థాంక్స్ సార్. అల్ట్రాసోనిక్‌కూ (కంపనంతో గార తీసే కరెంటు స్కేలర్‌కూ) ఇదే వీడియో పద్ధతి పనికొస్తుందా?

కాజీపేట:
వస్తుంది, కానీ ముందు పవర్ లేకుండా. నీళ్లు చిమ్మితే టిప్ కనిపించదు. టిప్ పక్క భాగం పంటికి 0–15 డిగ్రీల్లో పడుకోవాలి, మొన పంటికి గుచ్చుకోవద్దు. అది వీడియోలో సరిగా వచ్చినవాళ్లకే పెడల్ ఇవ్వండి.