భూకంపానికి ‘తీవ్రత’ అనాలా, ‘పరిమాణం’ అనాలా?

ఒంగోలు నుంచి: 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో భూమి అదిరింది గదా, అప్పటి నుంచీ ఒక అనుమానం. వార్తల్లో ‘రిక్టర్ స్కేలుపై తీవ్రత ఇంత’ అని ఒకే అంకె చెప్తారు. తాళ్లూరులో మా బావ వాళ్లింట్లో అర మీది గిన్నెలు దొర్లి పడ్డాయి. మాకు ఫ్యాను కూడా ఊగలేదు. తీవ్రత ఒకటే అయితే ఈ తేడా ఏంది?

నేను: తేడా ఉంటుందన్నా. రెండు కొలతల్ని ఒకే మాటలో ఇరికించారు. నేల లోపల పుట్టిన భూకంపం ఎంత పెద్దదనేది పరిమాణం, ఇంగ్లీషులో మాగ్నిట్యూడ్. ఏ ఊళ్లో కొలిచినా అది మారకూడదు. నేల పైన ఎవరికి ఎంత ఊపు తగిలిందనేది తీవ్రత. అది ఊరూరికీ మారుతుంది, మెత్తటి నేలైతే ఎక్కువ.

పరిమాణానికి లెక్క కట్టిన చార్లెస్ రిక్టర్ చదివింది భూకంపాలు కాదు. 1928లో అమెరికాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ తెచ్చుకుంది సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో. అది చేతికి రాకముందే, 1927లో, పసడీనా భూకంప ప్రయోగశాలలో సహాయకుడిగా చేరాడు. దక్షిణ కాలిఫోర్నియా భూకంపాల్లో ఏది పెద్దదో, ఏది చిన్నదో తేల్చాలి. జనం చెప్పేదాన్ని నమ్ముకుంటే, ఎవరూ లేని ఎడారిలో వచ్చినదానికి సాక్షి ఎవరు? అందుకని నేల అదురుని నమోదు చేసే మిషను గీసిన గీత ఎత్తునే పట్టుకున్నాడు. ఆ ఎత్తుల్లో తేడాలు మరీ పెద్దవి కావడంతో లాగరిథమ్ (ఎత్తు పది రెట్లయితే అంకె ఒకటే పెరిగే లెక్క) వాడమని తోటి భూకంప శాస్త్రవేత్త బెనో గూటెన్‌బర్గ్ సలహా ఇచ్చాడు. 1935లో స్కేలు అచ్చయింది. నక్షత్రాల వెలుగుకు ఖగోళశాస్త్రం వాడే ‘మాగ్నిట్యూడ్’ అనే మాటనే ఆ ప్రయోగశాల పెద్ద హ్యారీ వుడ్ దీనికి సూచించాడు. ఇంత చేసినా రిక్టర్‌కి ప్రొఫెసర్ హోదా 1952లో గాని రాలేదు. గూటెన్‌బర్గ్ పేరు స్కేలులోంచి జారిపోవడం మాత్రం నాకు అన్యాయమే అనిపిస్తుంది.

దర్శి నుంచి: పరిమాణం అంటే సైజు అన్నట్టుంది మాస్టారూ. మా వైపు ఎవరికి ఎక్కుద్ది? తీవ్రత అంటే కాస్త టెన్షన్ పుట్టుద్ది, హెడ్డింగుకి అదే బాగుంటది.

నేను: చెప్పాల్సింది సైజే గదయ్యా! హెడ్డింగు కోసం అర్థాన్ని వదులుకుంటామా? 1967 మార్చి 27న ఒంగోలు దగ్గర 5.4 వచ్చింది. 3.4తో పోలిస్తే అంకెలో తేడా రెండే. గీత ఎత్తులో మాత్రం 100 రెట్లు, శక్తిలో దాదాపు 1000 రెట్లు. ఆ 5.4 ఒంగోలుకీ హైదరాబాదుకీ ఒకటే, ఊపు మాత్రం ఒకటి కాదు.

కావలి నుంచి: ‘స్కేలుపై’ సంగతేంది? మా అమ్మ రిక్టర్ స్కేలంటే మిషననుకుంటది.

నేను: మిషను పేరు సీస్మోగ్రాఫ్, స్కేలు ఉత్త లెక్క. పైగా 1979లో హాంక్స్, కనమోరి అనే శాస్త్రవేత్తలు మొమెంట్ పరిమాణం (నేల లోపల ఎంత మేర చీలింది, ఎంత జరిగింది అన్నదాన్ని బట్టి కట్టే లెక్క) ఇచ్చాక పెద్ద భూకంపాలకు రిక్టర్ లెక్క కట్టడం లేదు. ‘భూకంప పరిమాణం 5.4’ అని రాస్తే సరిపోతుంది. ‘స్కేలుపై’ వద్దు, రిక్టర్నీ ప్రతిసారీ లాక్కురానక్కర్లేదు.