ఇంట్లోనే కలంకారీ మొదలుపెడదామని ఉంది, చేసినవాళ్ళు చెప్పండి

శిరీష_కూకట్‌పల్లి
అందరికీ నమస్తే. ఫాబ్రిక్ పెయింట్‌తో దిండు గలీబుల మీద పూలు వేస్తుంటాను కానీ మనసంతా కలంకారీ మీదే ఉంది, అదీ పెడన అచ్చుల పని కాదు, శ్రీకాళహస్తిలో కలంతో గీసేది. డ్రాయింగ్ అంతంతమాత్రం. అపార్ట్‌మెంట్, బాల్కనీలో తప్ప ఎండ రాదు. రెడీమేడ్ రంగులు వద్దు, సహజ రంగులే కావాలి. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

పద్మ_తిరుపతి
శిరీషగారూ, కొన్నాళ్ళు ఒక్క నలుపుతోనే ఉండండి, ఎరుపు నీలం ఎక్కడికీ పోవు. గాడా గుడ్డ, అంటే చలవ చెయ్యని ముతక నూలు బట్ట, తెచ్చుకుని గంజి పోయేదాకా ఉతకండి, నీటిబొట్టు వేస్తే టక్కున పీల్చుకోవాలి, పైన నిలబడిందంటే ఇంకా గంజి ఉన్నట్టే. తర్వాత కరక్కాయ పొడి, పచ్చి గేదెపాలు కలిపిన నీళ్ళలో తడిపి పిండి ఎండలో ఆరెయ్యాలి. పాలల్లో ఉన్న వెన్న వల్ల రంగు పక్కకి పాకదు, కరక్కాయ వగరు ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది, ఈ రెండూ బుర్రకెక్కితే సగం పని వచ్చినట్టే.

కలం కొనక్కర్లేదు. వెదురుపుల్ల కొన సన్నగా చెక్కి, కొనకి కాస్త పైన ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగించండి. రంగులో ముంచి ఆ చుట్టని వేళ్ళతో నొక్కుతూ గీయాలి, ఎంత నొక్కితే అంత దిగుతుంది. ఆ నొక్కుడు చేతికి పట్టుబడ్డమే అసలు విద్య.

వంశీ_బెంగళూరు
పద్మక్కా, మరి నల్లరంగు? బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కుండలో నానేస్తారు కదా, పక్క ఫ్లాటువాళ్ళు ఊరుకుంటారా ఆ వాసనకి?

పద్మ_తిరుపతి
వాసన వస్తుంది తమ్ముడూ, అది పులిస్తేనే రంగు. రెండు మూడు వారాలు పడుతుంది, కుండ మూతికి గుడ్డ కట్టి బాల్కనీ మూలన పెట్టుకోవడమే. కొందరు అన్నభేది (ఇనుప లవణం) నీళ్ళలో కలిపి వెంటనే వాడతారు కానీ ఎక్కువైతే గుడ్డ చివికిపోతుంది, నేనైతే వద్దంటాను. గీసినప్పుడు లేత బూడిదరంగులో ఉంటుంది, చూస్తుండగానే నల్లగా తేలుతుంది, అది చూశాక ఇక వదలబుద్ధి కాదు!

లక్ష్మి_న్యూజెర్సీ
ఇక్కడ గేదెపాలు దొరకవు, నేను సోయా పాలు వాడుతున్నా, గీత బానే నిలుస్తోంది కానీ ఆవుపాలతో అయితే కొంచెం పాకింది. కరక్కాయ పొడి ఇండియన్ స్టోర్లో ఆయుర్వేదం అరలో హరీతకి పేరుతో ఉంటుంది. చలికాలం ఎండ లేక గుడ్డ ఆరడమే పెద్ద తిప్పలు, శిరీషగారు ఆ విషయంలో అదృష్టవంతులు.

మాస్టారు_నెల్లూరు
డ్రాయింగ్ రాదని వెనకాడకమ్మా. 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టి నేర్పబట్టే ఈ విద్య మళ్ళీ నాలుగు చేతుల్లోకి వెళ్ళింది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టి గారు బడిపంతులుగా చేస్తూనే కలం పట్టినవారు. ముందు చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గుడ్డ మీద గీసుకో, తప్పయితే దులిపితే పోతుంది, నచ్చాకే కలం అందుకో. ఒకేసారి రామాయణం ఎత్తుకోవద్దు, తీగలు, ఆకులు, చేపలు చాలు.

శిరీష_కూకట్‌పల్లి
ధన్యవాదాలు మాస్టారూ, పద్మగారూ. తీగల బోర్డరే మొదలుపెడతా. ఎరుపు సంగతి కూడా ఒక్క ముక్క చెప్తారా?

పద్మ_తిరుపతి
ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్ళు కలంతో పూసి, ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడించి, మంజిష్ఠ (ఎర్రరంగు ఇచ్చే వేరు) వేసి ఉడికించాలి. పటిక తగిలిన చోటే ఎరుపు గట్టిగా పడుతుంది. జాడించడం సరిగ్గా కాకపోతే ఆ పటిక గుడ్డంతా అంటుకుంటుంది, అపార్ట్‌మెంట్లో పారే నీళ్ళంటే కుళాయి కింద పట్టుకుని ఓపిగ్గా నిలబడడమే. బోర్డరు నలుపు అయ్యాక ఫొటో పెట్టండి, అది చూసి మిగతాది చెప్తాను.