ట్రేడ్‌కి తెలుగేది? బిగ్ మ్యాన్‌ని ‘పెద్దమనిషి’ అనొచ్చా?

ప్రశ్న: 2025 ఫిబ్రవరిలో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో లేకర్స్ జట్టు, షార్లెట్ హార్నెట్స్ సెంటర్ మార్క్ విలియమ్స్ కోసం ఆ జట్టుతో ట్రేడ్ (ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడం) కుదుర్చుకుని, మూణ్ణాళ్లకే వెనక్కి తగ్గింది. దానిమీద వ్యాసం రాయాలి. ‘వర్తకం’ అంటే అంగడి గుర్తొస్తోంది, ‘బదిలీ’ అంటే తహసీల్దారు గుర్తొస్తున్నాడు. సెంటర్ లాంటి భారీ ఆటగాణ్ణి ‘బిగ్ మ్యాన్’ అంటారు, దానికి ‘పెద్దమనిషి’ నప్పుతుందా?

స్పందన: వద్దండీ! పెద్దమనిషి అంటే పంచాయతీ తీర్చేవాడు. ‘పెద్దమనిషి అయ్యాడు’ అని ఎక్కడైనా పడిందంటే ఇక చెప్పక్కర్లేదు. ‘పొడగరి’ కూడా చాలదు. ఆరున్నర అడుగులు పైబడ్డ లేకర్స్ గార్డు (బంతి నడిపేవాడు) డోంచిచ్ పొడగరే, కానీ బిగ్ మ్యాన్ కాడు. ఆ మాటలో ఒడ్డూపొడుగుతో పాటు పని కూడా ఉంది: రింగ్ దగ్గర కాపు కాయడం, రీబౌండ్ (గురి తప్పి వెనక్కొచ్చిన బంతి) పట్టడం, గార్డుకి స్క్రీన్ పెట్టి (ఎదుటివాడికి అడ్డు నిలిచి) రింగ్ వైపు దూసుకెళ్లి, పైకి విసిరిన లాబ్ పాస్‌ని అందుకుని పది అడుగుల ఎత్తులో ఉన్న రింగ్‌లో కుక్కడం. ‘సెంటర్’ అని రాసేయండి.

స్పందన: ట్రేడ్‌కి దగ్గరి మాట మనకుంది: కుండమార్పిడి. మన పిల్లను వాళ్లింటికిచ్చి, వాళ్ల పిల్లను తెచ్చుకోవడం. ఐపీఎల్ అలవాటుతో మాత్రం ‘కొన్నారు’ అనకండి. 2023లో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబైకి పూర్తిగా డబ్బు మీదే వెళ్లాడు. ఎన్‌బీఏలో మామూలుగా అలా జరగదు. ఆటగాడికి బదులు ఎక్కువగా ఆటగాడో, డ్రాఫ్ట్ పిక్కో (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతు) వెళ్తుంది, జీతాల పరిమితి దాటిన జట్లకైతే జీతాలూ సరితూగాలి. జీతాల మొత్తం ‘మొదటి ఏప్రన్’ అనే ఇంకా పై హద్దు దాటిన జట్టు, పంపిన జీతం కన్నా ఎక్కువ జీతాన్ని తెచ్చుకోకూడదు.

స్పందన: కుండమార్పిడికి రెండిళ్లే. దీనికి కొద్దిరోజుల ముందే లేకర్స్ ఆంథనీ డేవిస్‌ని డాలస్‌కిచ్చి డోంచిచ్‌ని తెచ్చుకున్న ట్రేడ్‌లో యూటాతో కలిపి మూడు జట్లు. శీర్షికలో చమత్కారంగా వాడి, లోపల ‘మార్పిడి’ అనండి. కాకపోతే ఒక చిక్కుంది. విలియమ్స్ కోసం లేకర్స్ ఇవ్వజూపినవి ఆటగాళ్లు డాల్టన్ నెక్ట్, క్యామ్ రెడిష్, 2031 మొదటి రౌండ్ పిక్, 2030లో పిక్ ‘స్వాప్’. స్వాప్‌నీ మార్పిడే అంటే గందరగోళం. దాన్ని ‘స్వాప్ హక్కు’గానే ఉంచండి: 2030లో లేకర్స్ పిక్ మెరుగ్గా ఉంటే షార్లెట్ తనది ఇచ్చి దాన్ని తీసుకోవచ్చు.

ప్రశ్న వేసినవారు: 2030 పిక్కే ఇచ్చేయొచ్చుగా?

స్పందన: రాబోయే వరుస రెండేళ్ల మొదటి రౌండ్ పిక్కులు వదులుకోకూడదన్నది స్టెపియన్ నియమం. డేవిస్‌ని పంపినప్పుడే 2029ది కూడా డాలస్‌కి పోయింది కాబట్టి 2030ది కదలదు. ఏడేళ్ల హద్దు లోపల 2031 చిట్టచివరిది. అంటే అట్టడుగున ఉన్నది కూడా గీకి పెట్టారు, డేవిస్ వెళ్లాక సరైన సెంటర్ లేక అంత అవసరం పడింది.

స్పందన: ‘రద్దు’ మాటకి వస్తే, అది పూర్తయిన పనిని కొట్టేసినట్టుంది. ఇక్కడ వైద్యపరీక్షలో నెగ్గితేనే ట్రేడ్ చెల్లుతుందన్నది షరతు, విలియమ్స్ నెగ్గలేదు. బేరం కుదిరింది, ఖాయం కాలేదు. తారీఖులు తప్పక రాయండి. ఆ సీజన్ ట్రేడ్‌ల గడువు ఫిబ్రవరి 6, బేరం చెడింది 8న. నెక్ట్, రెడిష్ తిరిగొచ్చారు కానీ ఇంకో ట్రేడ్‌కి దారి మూసుకుపోయింది. ఇక మిగిలింది ఏ జట్టుతోనూ ఒప్పందం లేనివాళ్లే, అలా వచ్చినవాడే అలెక్స్ లెన్. అతన్ని ‘మార్పిడిలో తెచ్చారు’ అంటే తప్పు, ‘చేర్చుకున్నారు’ అనాలి. ఆ వేసవిలో వచ్చిన డిఆండ్రే ఏటన్‌కీ అంతే. విలియమ్స్ ఫీనిక్స్‌కి వెళ్లింది మాత్రం మార్పిడే.

ప్రశ్న వేసినవారు: అయితే శీర్షిక ‘చెడిన కుండమార్పిడి’, మొదటి వాక్యం ‘సెంటర్ కోసం లేకర్స్ కుదుర్చుకున్న మార్పిడి వైద్యపరీక్ష దగ్గర ఆగిపోయింది.’

స్పందన: ‘ఆగిపోయింది’ అంటే మళ్లీ కదులుతుందేమో అనిపిస్తుంది. ‘చెడింది’ అనండి.