ట్రోఫీ పిడి ఊడింది, రెండోది ఊడకుండా అతకడం ఎలా?

30 సెంటీమీటర్ల పాత ట్రోఫీ, ఇత్తడి మీద వెండి పూత. ఒక పిడి కింది అతుకు ఊడి, పట్టుకుంటే లొడలొడలాడుతోంది. ఎపాక్సీ జిగురు పెడితే రెండో రోజుకే పెచ్చులా ఊడొచ్చింది.

నలుపు కోసం అల్యూమినియం ఫాయిల్, బేకింగ్ సోడా వేసిన వేడినీళ్లలో 5 నిమిషాలు ఉంచాను. నలుపు పోయింది, కానీ అంచు చుట్టూ పసుపు రంగు బయటపడింది. అది మురికి కాదు, పూతే అరిగిపోయింది. ఇంకా రుద్దితే ఉన్నదీ పోతుందని పాలిష్ జోలికి పోలేదు.

పాత అతుకులో బూడిదరంగు లోహం గోటితో గీస్తే గీత పడుతోంది, సీసం కలిసిన టంకమే అనుకుంటా. అది 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది. నా దగ్గరున్న తగరం-వెండి టంకానికి 221 డిగ్రీలు కావాలి. ఆ వేడికి రెండో పిడి పాత అతుకు కూడా కరిగిపోతుందేమో, అదే నా టెన్షన్.

రెండో పిడి అతుకు కదలకుండా, మిగిలిన పూత చెడకుండా ఈ ఒక్క పిడిని ఎలా అతకాలి?