‘గిల్టీ ప్లెజర్’కి తెలుగు మాట: నేను ‘చాటు’ దగ్గర ఆగాను

గొప్పది కాదని తెలిసీ, నలుగురి ముందూ ఒప్పుకోవడానికి సిగ్గుపడుతూ ఇష్టపడేదాన్ని ఇంగ్లీషులో గిల్టీ ప్లెజర్ అంటారు. మొన్న గ్రూపులో ఒకరు అడిగారు, దాన్ని తెలుగులో ఏమనాలి అని. చాలామంది ‘అపరాధానందం’ బాగుందన్నారు. నాకు ఆ మాట మింగుడు పడలేదు. ఎందుకో రెండు ముక్కల్లో చెప్పలేక విడిగా రాస్తున్నాను.

ముందు నా సంగతి. ఈ మాట నాకు నిజంగా అవసరం. నాకు ‘గ్రీజ్ 2’ అంటే చాలా ఇష్టం. 1982లో వచ్చిన హాలీవుడ్ మ్యూజికల్, అంటే పాటలతో నడిచే సినిమా అది. దానికి ముందు 1978లో వచ్చిన ‘గ్రీజ్’, ఆ ఏడాది అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ వసూలు చేసిన సినిమా. జాన్ ట్రవోల్టా, ఒలీవియా న్యూటన్ జాన్ జంట. రెండో భాగంలో ఇద్దరూ లేరు. మొదటిదానికి డాన్సులు కూర్చిన పట్రీషియా బర్చ్ చేతికే ఈసారి దర్శకత్వం ఇచ్చారు. పైగా విడుదలైంది ఏ రోజు? జూన్ 11న. స్పీల్‌బర్గ్ పెద్ద హిట్టు ‘ఈ.టీ.’ వచ్చిన రోజే. కోటి డాలర్లకు పైగా పెట్టి తీస్తే అమెరికాలో కోటిన్నర దాకా వచ్చాయి. మొదటి సినిమాతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

సినిమా బాగుండదు. ఆ మాట నేనే చెబుతాను. 1961 నాటి అదే స్కూలు, అదే గ్యాంగులు, కథ మాత్రం అతుకులబొంత. బౌలింగ్ ఆడుతూ ఒక పాట, బయాలజీ క్లాసులో మొక్కల పునరుత్పత్తి మీద ఒక పాట, అణుబాంబు పడుతుందని దాక్కునే గదిలో అమ్మాయిని నమ్మించడానికి కుర్రాడు పాడే పాట. ఎక్కడ చోటు దొరికితే అక్కడ పాట పెట్టేశారు. అయినా హీరోయిన్ మిషెల్ ఫైఫర్ నిచ్చెన పట్టుకుని, నాకు కావలసినవాడు మామూలు అబ్బాయి కాదు, బైకు నడిపే మొనగాడు అని పాడుతుంటే నేను కళ్లు తిప్పుకోలేను. తర్వాత ఆ బైకు మొనగాడు చనిపోయాడనుకుని, స్కూలు కార్యక్రమంలో స్టేజీ మీద నిలబడి ఆమె కలగంటుంది. పొగ కమ్ముకుంటుంది. మోటారు సైకిళ్ల స్వర్గం ఒకటి ప్రత్యక్షమవుతుంది. అందులోంచి అతను పాడతాడు. ఇంత వింత ఊహని ఇంత నమ్మకంగా తీసినవాళ్లంటే నాకు ప్రేమ. ఆ నమ్మకమే నన్ను మళ్లీ మళ్లీ లాక్కెళ్తుంది.

ఒక రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సరిగ్గా ఆ పాట చూస్తున్నాను. మా అమ్మాయి గదిలోకి వచ్చింది. నా చెయ్యి దానంతటదే లాప్‌టాప్ మూసేసింది. “ఏం చూస్తున్నావమ్మా?” అంది. “ఆఫీసు వీడియో” అన్నాను. నేను తప్పేమీ చేయలేదు. అయినా అబద్ధం చెప్పాను. ఆ క్షణంలో నాకు కలిగినదానికి పేరేమిటి? నా ప్రశ్న అదీ.

అపరాధం కాదది. అపరాధం అంటే నేరం, తప్పిదం, క్షమాపణ కోరవలసిన పని. ‘అపరాధానందం’ అన్న సమాసం విడిగా చదివితే నేరం చేసి ఆనందించేవాడు కళ్ల ముందుకొస్తాడు. ఇంగ్లీషు వాళ్లు గిల్ట్ అన్నారు కదా అని మనం కోర్టు మాట తెచ్చుకోనక్కర్లేదు. లాప్‌టాప్ మూసినప్పుడు నాకు కలిగింది నామోషీ. అంత చదువుకున్న మనిషి ఇదా చూసేది అనుకుంటారేమో అన్న బెరుకు.

‘దొంగ ఇష్టం’ అని ఇంకొకరు రాశారు. వినడానికి ముచ్చటగా ఉంది గానీ, తెలుగులో ‘దొంగ’ ముందు చేరితే ఏమవుతుందో చూడండి. దొంగనిద్ర అంటే నిద్రపోనిది. దొంగ ఏడుపు అంటే ఏడవనిది. దొంగనోటు చెల్లనిది. దొంగచూపు, దొంగదారి లాంటివి ఉన్నాయి, అక్కడ రహస్యం అనే అర్థమే. కానీ మనసుకి సంబంధించిన మాటకి ముందు దొంగ చేరిస్తే ముందు తట్టేది నటనే. దొంగప్రేమ అంటే ఎవరూ రహస్యప్రేమ అనుకోరు. నా ఇష్టంలో నటన లేదు. ఎవరైనా అడిగినప్పుడు ‘ఛ, అదేం సినిమా’ అని పెదవి విరుస్తానే, నటన అంటే అది.

‘చాపల్యం’ కొంచెం దగ్గరకొస్తుంది. జిహ్వచాపల్యం అన్నప్పుడు తినకూడదని తెలిసీ చెయ్యి సాచడం ఉంది. అయితే అది ఎదుటివాళ్లని మందలించే మాట. ఎవరూ తమ గురించి మురిసిపోతూ ‘నాకు చాపల్యం’ అనరు. ‘ఎవరి పిచ్చి వారికి ఆనందం’ అన్న సామెతలో ఆనందం నిండుగా ఉంది, కానీ మనం దాన్ని వాడేది పక్కవాళ్ల గురించి, పైగా కాస్త విసుగ్గా.

ఇవన్నీ దాటాక నేను ‘చాటు’ దగ్గర ఆగాను.

చాటు అంటే మరుగు. గోడచాటు, చెట్టుచాటు, చాటుమాటు, దొంగచాటు. దాక్కోవడం ఒక్కటే అయితే నాకు ఇంత నచ్చేది కాదు. తల్లిచాటు బిడ్డ అంటాం. కొంగుచాటు అంటాం. అక్కడ సిగ్గు లేదు, రక్షణ ఉంది. నలుగురి నోళ్లూ పడకుండా కొంగు కింద పెట్టుకున్నదన్నమాట. ‘గ్రీజ్ 2’తో నేను చేసేది అదే. ఎవరైనా దాన్ని తీసిపారేస్తే నాకు బాధ కలుగుతుంది, అందుకే ఎవరి కంటా పడనివ్వను. అన్నట్టు, ఆ సినిమా కూడా ఒకదాని చాటున పెరిగిందే. సీక్వెల్ అంటేనే మొదటి సినిమా పేరు చాటున నిలబడటం కదా.

ఇంకో చాటు ఉంది. క్రియ. లోకానికి చాటాడు, చాటి చెప్పింది, ఊళ్లో చాటింపు వేశారు. దాచిపెట్టే చోటుకీ, ఎలుగెత్తి చెప్పడానికీ మన నోట్లో ఒకటే మాట. రెండింటికీ చుట్టరికం అంటగట్టడం లేదు, పలుకు కలిసిందని మాత్రమే అంటున్నాను. కానీ ఎంత చక్కగా కలిసిందో చూడండి. ఇలాంటి ఇష్టాలన్నీ కొన్నాళ్లు చాటున ఉంటాయి. ఇంకో మనిషి ‘నాకూ ఇష్టమే’ అనగానే ఆగలేం, చాటేస్తాం.

సినిమా కథ కూడా దీని మీదే నడుస్తుంది. హీరో ఇంగ్లండ్ నుంచి వచ్చిన చదువుల అబ్బాయి, మొదటి సినిమా హీరోయిన్‌కి కజిన్. ఫైఫర్‌కి అతను ఆనడు. డబ్బు తీసుకుని గ్యాంగు కుర్రాళ్లకి వ్యాసాలు రాసిపెట్టి, ఆ డబ్బుతో బైకు కొని, హెల్మెట్, కళ్లద్దాల చాటున ఆమె ముందుకొస్తాడు. చివర్లో అందరి ముందూ అద్దాలు తీస్తాడు. మొదట చాటు, ఆఖర్న చాటడం.

అందుకని నేను ప్రతిపాదించే మాట: చాటు ముచ్చట. మీరేమంటారు?

*

వ్యాఖ్య: అక్కా, మంచిగ రాసినవ్. కానీ మా కరీంనగర్ దిక్కు ‘చాటు ముచ్చట’ అంటే చెవుల చెప్పుకునే సంగతి అనుకుంటరు. ముచ్చట అంటే మాకు మాటే. సిన్మా ఇష్టం అని ఎవరికీ తట్టది.

జవాబు: ఇది నాకు తోచలేదు తమ్ముడూ. మా గుంటూరు వైపు కూడా ముచ్చట్లు పెట్టుకోవడం ఉంది, కానీ ఒక్క ‘ముచ్చట’ అనగానే మాకు తీర్చుకునే కోరిక, మురిసిపోవడం ముందు గుర్తొస్తాయి. రెండు చోట్లా ఒకేలా పలికే మాట కావాలి. మురిపెం ఎలా ఉంది? చాటుమురిపెం. పసిపిల్లల విషయంలో వాడే మాట కదా, వంకలున్నా ముద్దొస్తుందన్న భావం అందులో ముందే ఉంది. కాకి పిల్ల కాకికి ముద్దు.

వ్యాఖ్య: మురిపెం మాకు గూడ మురిపెమే అక్కా. ఇది నడుస్తది.

వ్యాఖ్య: ఆడకుండా పోయిన సినిమాలకేనా ఈ మాట?

జవాబు: కాదండీ. 1983లో ‘స్టేయింగ్ అలైవ్’ వచ్చింది, ‘సాటర్‌డే నైట్ ఫీవర్’కి కొనసాగింపు. సిల్వెస్టర్ స్టాలోన్ దర్శకత్వం. అమెరికాలోనే ఆరు కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. విమర్శకులు మాత్రం చీల్చి చెండాడారు. 1977 నాటి మొదటి సినిమాలో బ్రూక్లిన్ కుర్రాడి బతుకు, ఇంట్లో తిట్లు, శనివారం రాత్రి కోసం వారమంతా ఎదురుచూపు ఎంతో నిజంగా ఉంటాయి. రెండోదాంట్లో ఆ కుర్రాడే న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాల్లో డాన్సరయ్యాడు. క్లైమాక్స్ నాటకంలో పొగ, మంటలు, తలకి కట్టిన పట్టీ, నరకంలో నాట్యం. టికెట్లు బాగానే తెగాయి, కానీ ‘నాకు నచ్చింది’ అని గట్టిగా అన్నవాళ్లు తక్కువ. చాటుమురిపెం చూసేది డబ్బుల లెక్క కాదు, నలుగురి మాట.

వ్యాఖ్య: అమ్మా, నాది చిన్న సందేహం. దాపరికం వేరు, సిగ్గు వేరు. నీ మాటలో దాపరికం ఉంది. గిల్ట్ ఎక్కడ?

జవాబు: మాస్టారూ, సిగ్గు లేకపోతే చాటుకి వెళ్లం కదా. కారణం చెప్పకుండా ఆ పనినే పేరుగా పెట్టాను. బొడ్డుచాటున ఏదో దోపుకున్న మనిషిని చూస్తే ఎందుకని అడగక్కర్లేదు.

వ్యాఖ్య: ఒప్పుకున్నాను. అయితే నువ్వు ఒక చాటు వదిలేశావు. సంస్కృతంలో చాటు అంటే ఇంపైన మాట, ప్రియమైన పలుకు. మన చాటుపద్యం అక్కడిదే. కావ్యంలో చోటు దక్కక, నోటి మీద నోటి మీద బతికిన పద్యాలు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు ‘చాటుపద్యమణిమంజరి’గా పోగుచేశారు. ఫలానా కావ్యం చదివావా అంటే తడుముకునే వాళ్లకి కూడా ఒక చాటువు నోటికొస్తుంది.

జవాబు: మాస్టారూ, ఇంపు అన్న అర్థం నేను తలుచుకోనేలేదు. దాచుకునేది, చాటేది, ఇంపైనది. నేను వెతికిన మూడూ ఒక మాటలోనే ఉన్నాయి.

పొద్దున మా అమ్మాయికి ఆఫీసు వీడియో సంగతి ఒప్పుకున్నాను. ‘చాటుమురిపెం’ అని రెండుసార్లు పలికి చూసుకుంది. ఆదివారం హాల్లో టీవీలో పెట్టుకుని ఇద్దరం చూస్తున్నాం. నిచ్చెన పాట రెండుసార్లు వేయాలని ముందే ఒప్పందం.