హత్య కేసు జ్యూరీలో ఒక్కరే విభేదిస్తే?

ప్రశ్న:
అమెరికాలో ఒక హత్య కేసు విచారణకు నన్ను జ్యూరీ (నేరం రుజువైందో లేదో తేల్చే పౌరుల బృందం) సభ్యురాలిగా ఎంపిక చేశారు. కేసు గురించి ఎవరితోనూ మాట్లాడవద్దని, ఇంటర్నెట్‌లో వెతకవద్దని న్యాయమూర్తి ఆదేశించినందున వివరాలేవీ ఇక్కడ రాయడం లేదు. నన్ను వేధిస్తున్న ప్రశ్న ఒక్కటే. మిగతా పదకొండుగురూ దోషి అంటున్నప్పుడు నా మనసు ఒప్పుకోకపోతే ఏం చేయాలి?

జవాబు:
మీరు ఒప్పుకోకుండా వారు ముద్దాయిని దోషిగా తేల్చలేరు. తీవ్రమైన నేరాల్లో జ్యూరీ ఏకగ్రీవంగా చెబితేనే శిక్ష చెల్లుతుందని 2020లో రామోస్ వర్సెస్ లూసియానా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంతవరకు లూసియానా, ఓరెగాన్ రాష్ట్రాల్లో చాలా నేరాలకు ఒకరిద్దరు విభేదించినా దోషిగా ప్రకటించేవారు. ఏకాభిప్రాయం ఎంతకీ కుదరకపోతే ఆ విచారణ రద్దవుతుంది, ప్రాసిక్యూషన్ కొత్త జ్యూరీ ముందు కేసును మళ్లీ నడపవచ్చు. అందుకు మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టలేరు.

మరో జవాబు:
నేను ఇలాంటి కేసులో జ్యూరీలో కూర్చున్నాను. గదిలో అడుగుపెట్టగానే ఎవరైనా చేతులెత్తి ఓటు వేద్దామంటే, దయచేసి ఆపండి. నలుగురిలో ఒకసారి అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఎవరికైనా కష్టమే కాబట్టి, ఆ తర్వాత చర్చ సాక్ష్యాన్ని వదిలి పంతాలకు పోతుంది. మేము న్యాయమూర్తి రాసిచ్చిన సూచనలను ముందు పెట్టుకుని, చంపింది ఇతనేనా, చంపాలనే ఉద్దేశంతోనే చేశాడా అని ఒక్కొక్క అంశాన్నీ విడివిడిగా పరిశీలించాము. ఒక సాక్షి చెప్పిన సమయం మాలో ఇద్దరికి రెండు రకాలుగా గుర్తుంది. చీటీ రాసి బెయిలిఫ్ (కోర్టు ఉద్యోగి) చేతికిస్తే, ఇరుపక్షాల లాయర్ల ఎదుట ఆ వాంగ్మూలాన్ని మళ్లీ చదివి వినిపించారు. అప్పటిదాకా గట్టిగా వాదించిన వ్యక్తి తన అభిప్రాయాన్ని అక్కడే మార్చుకున్నాడు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. అయితే సహేతుకమైన సందేహం ఉంటే దోషి అనకూడదంటారు కదా, ఎంత సందేహం ఉంటే దాన్ని అలా లెక్కించాలి?

జవాబు:
ఊహకు అందే ప్రతి అనుమానమూ లెక్కలోకి రాదు. సాక్ష్యంలో నుంచో, ఉండవలసిన సాక్ష్యం లేకపోవడం నుంచో పుట్టి, కారణం చూపగలిగిన సందేహమే లెక్క. ముద్దాయి బోనెక్కి సాక్ష్యం చెప్పకపోతే దాన్ని అతనికి వ్యతిరేకంగా తీసుకోకూడదు, ఎందుకంటే నేరాన్ని రుజువు చేసే భారం పూర్తిగా ప్రాసిక్యూషన్‌దే. మీ సందేహానికి కారణమేమిటో మిగతావారికి వివరంగా చెప్పండి, వారి వాదనను కూడా ఓపికగా వినండి. వారి మాట సబబుగా తోస్తే అభిప్రాయం మార్చుకోండి. త్వరగా ఇంటికి వెళ్లాలనో, ఒంటరినయ్యాననో మాత్రం మార్చుకోకండి.