సమస్య: గురువు లేనివాఁడె గురువు గాదె!

నిర్వాహకుడు: ఈసారి ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, మిగిలిన మూడు పాదాలూ అర్థం కుదిరేలా మీరు పూరించాలి. అయిదూ సూర్యగణాలే (రెండు మూడు అక్షరాల చిన్న గణాలు), యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన అక్షరం) గు–గు. ఎవరినైనా గురువని ఒప్పుకునే ముందు మన పెద్దలు వేసే మొదటి ప్రశ్న "ఆయన గురువెవరు?" అని. ఆ ప్రశ్నకు ఎదురుతిరిగే పాదం ఇది. సమన్వయం మీది.

ఏకాకి: అయ్యా, పూరించడానికి మనసొప్పడం లేదు. "గురుమేవాభిగచ్ఛేత్", గురువు దగ్గరికే వెళ్లాలి అంది ముండకోపనిషత్తు. ఆ 'ఏవ' (మాత్రమే) మీద శంకరులు ఆగి మరీ చెప్పారు: శాస్త్రం తెలిసినవాడైనా బ్రహ్మజ్ఞానాన్ని సొంతంగా వెతుక్కోకూడదని. మరి ఈ పాదం దేనికి?

నిర్వాహకుడు: మీ అభ్యంతరమే ఈ సమస్యకు బలమండీ. చదవగానే తప్పనిపించని పాదం సమస్యే కాదు. ఆ 'ఏవ' చెడకుండా ఎవరు పూరిస్తారో చూద్దాం.

మల్లెపందిరి:

మాట లేక మర్రి మ్రాని నీడను నిల్చి
మునుల శంక లెల్ల ముగియఁ జేసె
ఆది దేవుఁ డతని కాచార్యుఁ డెవ్వఁడు
గురువు లేనివాఁడె గురువు గాదె!

నిర్వాహకుడు: దక్షిణామూర్తిని పట్టుకున్నారు, ఇంక అడ్డేముంది! "సదాశివ సమారంభాం" అని వందనం చేసేటప్పుడు పరంపర మొదలయ్యేది ఆయన దగ్గరే. మొదటివాడికి ముందు ఇంకొకరుండరు. పతంజలి కూడా ఈశ్వరుణ్ణి "పూర్వేషామపి గురుః", ముందువాళ్లకు కూడా గురువు అన్నాడు, కాలం ఆయనకు హద్దు కాదు కనుక. రెండు సవరణలు. 'చేసె' తర్వాత పాదం మొదట్లో అచ్చు నిలబడదు, 'నాది దేవుఁడు' అనండి. స్వరయతి (అచ్చుకు అచ్చు కుదిరే యతి) చెడదు. ఇక 'నిల్చి' అన్నారు, దక్షిణామూర్తి నిలబడడు, కూర్చుంటాడు. 'నీడఁ గొలువై' అంటే గణాలూ సరిపోతాయి.

మల్లెపందిరి: కళ్లముందు మూర్తిని పెట్టుకుని కూడా నిలబెట్టేశాను. సవరించుకుంటాను, ధన్యవాదాలు.

కందళి:

అరుణశైలమందు నాత్మ నరసినట్టి
మౌని రమణుఁ డెవరి మాట వినెను?
ప్రశ్న యొకటె యతనిఁ బరమార్థమునుఁ జేర్చె
గురువు లేనివాఁడె గురువు గాదె!

ఏకాకి: ధార బాగుంది. కానీ ఒప్పుకోలేను. 1896లో పదహారేళ్ల పిల్లవాడిగా అరుణాచలం చేరిన రమణులు ఆ కొండను ఒక చోటు అనుకోలేదు. 'అక్షరమణమాల'లో దాన్ని గురురూపాన వెలిగేవాడా అనే పిలిచారు. గురువుకు మనిషి రూపమే ఉండాలని లేదు, అంతే. మీ పద్యంలో కొండ 'శైలమందు' అని ఉండిపోయింది, గురువు కాలేదు.

కందళి: నిజమే, నేను గురువు మీద నిలబడి గురువును వెతికాను. మూడో పాదం మారుస్తున్నాను:

నరులలోన నతఁడు నమ్మిన గురుఁ డేడి?

నిర్వాహకుడు: ఇప్పుడు సత్యం నిలిచింది. 'నరులలోన' అన్న ఒక్క మాట కొండకు దాని స్థానం దానికి ఇచ్చేసింది. దత్తాత్రేయుడి మీద కూడా కొన్ని పూరణలు వచ్చాయి. అవి తీసుకోలేదు. భాగవతం పదకొండో స్కంధంలో, దత్తాత్రేయుడిగా చెప్పుకునే అవధూత యదుమహారాజుకు 24 మంది గురువుల పేర్లు వరసగా చెప్తాడు. అంతమంది ఉన్నవాడు ఈ సమస్యకు ఒదగడు.

సమిధ:

ఈత రాని వాఁడె యేఱు దాటించునా?
దారి తెలియ దెవని దరికిఁ జేర్చు?
శిష్యుఁ డవక మునుపె సింహాసన మ్మెక్కు
గురువు లేనివాఁడె గురువు? గాదె!

నిర్వాహకుడు: 'గాదె'ను విడగొట్టి కాదనిపించారు. ఏకాకి గారు మొదట అడిగింది ఇదే. శి–సిం యతి హాయిగా ఉంది. అయితే ఒకటో పాదంలోనూ 'వాఁడె', చివరా 'వాఁడె'. పైగా ఇక్కడ విషయం ఈత రావడం కాదు, ఎవరి దగ్గరైనా నేర్చుకోవడం. 'ఈత నేర్వకుండ నేఱు దాటించునా' అంటే ఎలా ఉంటుంది?

సమిధ: నాకు తట్టని మాట అది. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకాముడనే శిష్యుడికి ఎద్దు, అగ్ని, హంస, నీటిపక్షి బ్రహ్మం గురించి చెప్తాయి. తిరిగి వచ్చాక ఆచార్యుడు "నువ్వు బ్రహ్మజ్ఞానిలా వెలుగుతున్నావు, ఎవరు నేర్పారు?" అని అడిగితే, మనుషులు కాని వాళ్లు నేర్పారని చెప్పి, అయినా మీరే చెప్పండి అని వేడుకుంటాడు. ఆచార్యుడి వల్ల తెలిసిన విద్యే బాగా పండుతుందని విన్నానంటాడు. అంత దొరికాక కూడా చేతులు కట్టుకుని నిలబడ్డాడే, ఆ కుర్రవాణ్ణి తలుచుకునే ఈ పద్యం రాశాను. 'నేర్వకుండ' అనే ఉంచుతాను.

తొలకరి: మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి. సమస్యాపాదం కాగితం మీద రాసుకుని గణాలు గుర్తిస్తుంటే 'గురువు' కింద మూడు నిలువు గీతలు పడ్డాయి. గు, రు, వు. మూడూ లఘువులే, తేలిక అక్షరాలే. ఆ గీతల వంక చూస్తూ చాలాసేపు పెన్ను కదపలేదు.

మూఁడు లఘువు లందె ముడివడె నా పేరు
దీర్ఘ మొకటి లేదు దిద్ది చూడ
నేను నే నటంచు నెత్తి నెక్కినయట్టి
గురువు లేనివాఁడె గురువు గాదె!

మల్లెపందిరి: 'గురువు' అంటే బరువు, ఛందస్సులో బరువైన అక్షరమూ గురువే! ఇన్నేళ్లుగా గణాలు లెక్కపెడుతున్నాను, ఆ మాటలో ఒక్క గురువూ లేదని ఎప్పుడూ చూడలేదు.

సమిధ: చాలా బాగుంది. చిన్న సందేహం. దీర్ఘం లేనంత మాత్రాన గురువు లేదనలేం కదా? సున్నా ఉన్నదీ, పొల్లు ఉన్నదీ, సంయుక్తానికి ముందున్నదీ గురువులే.

నిర్వాహకుడు: లక్షణం ప్రకారం మీ మాట సరైనదే. కానీ రెండో పాదంలోనే 'గురువు' అనేస్తే నాలుగో పాదంలో శ్లేష ముందే తెలిసిపోతుంది. 'దీర్ఘ'మే ఉండనిద్దాం. నాకు గుచ్చుకున్నది మొదటి పాదం. 'ముడివడెన్ + ఆ పేరు' అని మీ ఉద్దేశం. చదివేవాడికి 'నా పేరు' అని వినిపిస్తుంది. 'నేను' అనే బరువు దించమని చెప్పే పద్యంలో మొదటే 'నా' వినబడకూడదు తల్లీ.

ఏకాకి: ఈ పద్యానికి నా అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. 'ఏవ'కు ఏ లోటూ రాలేదు. ఆ బరువు ఒకరి పాదాల దగ్గర దించనిదే దిగదు.

తొలకరి: 'నా' వినబడుతుందని నాకు తోచనే లేదు. మార్చాను, చూడండి:

మూఁడు లఘువు లందె ముడివడు పద మిద్ది
దీర్ఘ మొకటి లేదు దిద్ది చూడ
నేను నే నటంచు నెత్తి నెక్కినయట్టి
గురువు లేనివాఁడె గురువు గాదె!